కొండెక్కే సంచిలో ఏ ప్యాకెట్లు పెట్టాలి: గోదావరి డెల్టా వాళ్లకి సమగ్ర మార్గదర్శి

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి నడకంటే కాలవ గట్టు మీద నడకే. దారి చదునుగా ఉంటుంది, పక్కనే నీళ్లుంటాయి, కాస్త దూరానికో టీ కొట్టు తగులుతుంది. అమలాపురం నుంచో భీమవరం నుంచో బయల్దేరి మారేడుమిల్లి అడవిలోకి, గుడిస గడ్డి కొండల మీదకి, పాడేరు దగ్గర వంజంగికి వెళ్లామంటే ఈ మూడూ ఉండవు. దారి ఎక్కుడు. వాగు ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. ఆకలేస్తే సంచిలో ఏముంటే అదే.

అందుకే ఏ ప్యాకెట్ కొనాలన్న విషయాన్ని బయల్దేరే రోజు పొద్దున రాజమండ్రి బస్టాండు పక్క కొట్టు దాకా వాయిదా వేయొద్దు. ఆ హడావిడిలో చేతికొచ్చేవి చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులే. చిప్స్ సంచి నిండా చోటు ఆక్రమించి కడుపు నింపవు. కూల్‌డ్రింకు బరువు తప్ప ఒంట్లోకి చేరే బలం తక్కువ. ఒక వారం ముందు కూర్చుని ఆలోచిస్తే ఇంతకన్నా చాలా బాగా తినొచ్చు, తక్కువ మోయొచ్చు.

ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న రుచి గురించో ధర గురించో కాదు. ఇందులో నీళ్లు ఎంత ఉన్నాయి, దీన్ని తినడానికి ఇంకా ఎన్ని నీళ్లు కావాలి? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

1. ముందు దారి సంగతి తేల్చుకోండి

ఒక్క రోజు నడకా, ఒక రాత్రి క్యాంపా, నాలుగైదు రోజుల హిమాలయ ట్రెక్కా అన్నది మొదట తేల్చుకోవాలి. మూడింటికీ ఒకే జాబితా పనికిరాదు.

ఒక్క రోజైతే పొయ్యి, గిన్నె వద్దు. వండకుండా తినేవి చాలు. ఒక రాత్రి ఉండేటట్లయితే ఒక్క పూటైనా వేడిగా తినాలనిపిస్తుంది. డిసెంబరు, జనవరిల్లో ఆ కొండల మీద చలి మన డెల్టా చలి కాదు. హిమాలయాలకి, ఉదాహరణకి 3,810 మీటర్ల కేదార్‌కంఠకి, ఏదైనా ట్రెక్కింగ్ సంస్థతో వెళ్తుంటే మూడు పూటలా వాళ్లే వండి పెడతారు. మీరు మోయాల్సింది నడుస్తూ తినేవి, నోటికి కాస్త మన రుచి ఇచ్చేవి మాత్రమే. అయితే ఢిల్లీ దాకా రైలు ప్రయాణమే ఒక రోజు దాటుతుంది కాబట్టి దానికి వేరే పొట్లం కట్టుకోండి. ట్రెక్ కోసం కొన్నవి రైల్లోనే ఖాళీ అయిపోతే లాభం లేదు.

దారి గురించి అక్కడి గైడ్‌ని ఫోన్‌లో అడగాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది: ‘ఈ నెలలో వాగులో నీళ్లుంటాయా అండి?’ వర్షాల తర్వాత పొంగి పారిన వాగు ఫిబ్రవరి, మార్చి కల్లా గుంటలుగా మిగలొచ్చు. ఈ జవాబు మీద మీ సంచి మొత్తం ఆధారపడి ఉంటుంది.

2. నీళ్ల లెక్క

కొట్లో దొరికే ప్యాకెట్ తిండిని నీళ్ల ప్రకారం మూడు రకాలుగా చూడండి.

మొదటిది తడి తిండి. పౌచ్‌లో వచ్చే పప్పన్నం, పులావు, రాజ్మా, ఉప్మా లాంటివి. వీటిని రిటార్ట్ పౌచ్‌లంటారు. వండిన పదార్థాన్ని అనేక పొరల సంచిలో గాలి లేకుండా మూసి, సుమారు 121 డిగ్రీల వేడిలో సూక్ష్మజీవులు చచ్చేదాకా ఉంచుతారు. అందుకే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుంటాయి. మన దేశంలో ఈ విధానాన్ని సైనికుల కోసం అభివృద్ధి చేసింది మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల. పౌచ్‌ని మరిగే నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచితే వేడెక్కుతుంది. పొయ్యి లేకపోతే చల్లగానైనా తినేయొచ్చు, ప్రమాదం లేదు. చిక్కల్లా బరువే. 300 గ్రాముల పౌచ్‌లో ఎక్కువ భాగం నీళ్లే.

రెండోది నీళ్లు తీసేసిన తిండి. వేడి నీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, పోహా, సూప్ పొడి, నూడుల్స్, ఓట్స్, పాలపొడి. తేలికగా ఉంటాయి కానీ నీళ్లు అడుగుతాయి, చాలావాటికి మంట కూడా కావాలి.

మూడోది పొడి తిండి. పల్లీ పట్టి, జీడిపప్పు, ఎండుకొబ్బరి, జంతికలు, సున్నుండలు. నీళ్లు మోయనక్కర్లేదు, పోయనక్కర్లేదు. తిన్నాక దాహానికి తాగే నీళ్లు మాత్రం కావాలి.

దారిలో నమ్మకమైన వాగు ఉంటే రెండో రకం బంగారం. 80 గ్రాముల ఉప్మా ప్యాకెట్ మోసుకెళ్లి అక్కడి నీళ్లతో వండుకుంటారు. వాగు లేని కొండ మీదకి వెళ్తే లెక్క తారుమారవుతుంది. 80 గ్రాముల పొడికి పోయాల్సిన 200 మిల్లీలీటర్ల నీళ్లూ మీరే మోయాలి. అంటే 280 గ్రాములు, దానిపైన స్టవ్వూ గ్యాసూ. తడి పౌచ్ బరువుకి సమానమైపోయింది. అలాంటి చోటికి మొదటి రకం, మూడో రకం కలిపి పట్టుకెళ్లడమే మంచిది. ‘ట్రెక్కింగ్‌కి తేలికపాటి ప్యాకెట్లే కొనండి’ అని అందరూ చెప్తారు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియకుండా ఆ సలహా పాటించకూడదు.

3. వంద గ్రాములకి నాలుగు వందలు

కొండ నడకలో రోజుకి మనిషికి సుమారు 2,500 నుంచి 3,500 కేలరీలు కావాలి. మనిషి బరువు, మోసే సంచి, ఎక్కే ఎత్తు బట్టి అటూ ఇటూ ఉంటుంది. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు ఇస్తుంది, పిండిపదార్థం, ప్రొటీన్ గ్రాముకి 4 చొప్పున ఇస్తాయి. అందుకే మామూలు రోజుల్లో డాక్టరు తగ్గించమనే పల్లీలు, కొబ్బరి, నెయ్యి కొండ మీద మంచి నేస్తాలు.

కొట్లో గుర్తుంచుకోడానికి ఒకటే గీటురాయి: ప్యాకెట్ వెనక పోషక వివరాల పట్టికలో వంద గ్రాములకి 400 కేలరీలు దాటితే సంచిలో చోటివ్వండి. వేయించిన పల్లీలు 570 దగ్గర ఉంటాయి. జీడిపప్పు కూడా దాదాపు అంతే. ఎండుకొబ్బరి 660 దాకా ఇస్తుంది. నూడుల్స్ 430 లోపు, అటుకులు 350 చుట్టూ. అటుకులు గీత కిందే ఉన్నా వాటిని వదలను, ఎందుకో కింద చెప్తాను. తడి పౌచ్‌లో అన్నం, పులావు లాంటివి 150 దగ్గర తిరుగుతాయి. 2,700 కేలరీలు మొత్తం పౌచ్‌లతోనే తెచ్చుకోవాలంటే 1,800 గ్రాములు మోయాలి. పొడి తిండితో అయితే 600 గ్రాములు సరిపోతాయి.

పట్టిక చదివేటప్పుడు ఒక మెలిక గమనించండి. కొన్ని ప్యాకెట్ల మీద ముందువైపు పెద్ద అక్షరాల్లో ఒక ‘సర్వింగ్‌’కి ఎన్ని కేలరీలో రాస్తారు. ఆ సర్వింగ్ 25 గ్రాములో, 30 గ్రాములో కావచ్చు. వెనకకి తిప్పి వంద గ్రాముల వరస చూస్తేనే రెండు ప్యాకెట్లని సరిగ్గా పోల్చగలరు.

4. లేబుల్ మీద ఇంకేం చూడాలి

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, దాని కింద 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి. మన ఊళ్లలో ఇంటి దగ్గర చేసి అమ్మే పల్లీ పట్టీలు, సున్నుండల మీద చాలాసార్లు ఏ లేబులూ ఉండదు. అవి చెడ్డవని కాదు, ఎన్నోసార్లు రుచిలో అవే మేలు. కాకపోతే ఎప్పుడు చేశారో నోరు తెరిచి అడగాలి. ‘ఏ రోజు చేశారండి ఇవి?’ అంటే నిజం చెప్పే కొట్టువాళ్లే ఎక్కువ. ‘మొన్న చేసినవండి, కొత్త డబ్బా తీస్తానుండండి’ అని లోపలికెళ్లే మనిషి దగ్గరే కొనండి.

తేదీల్లో రెండు రకాలు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తర్వాత రుచి, కరకర తగ్గుతాయి. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అంటే ఆ తర్వాత తినకూడదు. ఇంట్లో అయితే ‘బెస్ట్ బిఫోర్’ నాలుగు రోజులు దాటినా వాసన చూసి తినేస్తాం. అడవిలో అలా వద్దు. పల్లీ, నువ్వులు, కొబ్బరి కలిసినవి పాతబడితే నూనె వాసన మారుతుంది, గొంతులో గరగర పుడుతుంది. కనీసం ఇంకో నెల గడువున్నవే తీసుకోండి.

దినుసుల జాబితాలో బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. ప్రొటీన్ బార్ అని కొన్నదాని జాబితా గ్లూకోజ్ సిరప్‌తో మొదలైతే అది మిఠాయే. మిఠాయి తప్పు కాదు, దానికి ప్రొటీన్ ధర ఇవ్వడం తప్పు. చక్కెర లేదని చెప్పే బార్లలో మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలుంటే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. బాత్రూమ్ లేని చోట ఆ ప్రయోగం వద్దు.

కార్తీక మాసంలో వెళ్లేవాళ్లు చాలామంది నీచు ముట్టరు. సూప్, నూడుల్స్ మసాలా ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి. మీ బృందంలో పల్లీ అలెర్జీ ఉన్నవాళ్లుంటే కింద చెప్పబోయే జాబితాలో సగం మారిపోతుంది. ముందే అడిగి తెలుసుకోండి.

పౌచ్‌ని చేత్తో నొక్కి చూడండి. రిటార్ట్ పౌచ్‌లో గాలి దాదాపు ఉండదు. అది ఉబ్బి ఉంటే లోపల ఏదో పులిసినట్టే. అంచు కారుతున్నా, మడత దగ్గర చిన్న బెజ్జం ఉన్నా వద్దు. చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. దాన్ని గాలి నింపే మూస్తారు, పైగా 3,500 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి మన ఊరి ఒత్తిడిలో మూడింట రెండొంతులే. కాబట్టి కొండ మీద ఆ ప్యాకెట్ బిగుసుకుపోవడం మామూలే. సంచిలో పగిలి నూనె పొడి బట్టలకంటుతుంది. పైకెళ్లే ముందే సూదితో చిన్న రంధ్రం చేసి గాలి తీసి టేపు వేయండి, లేదా అసలు తీసుకెళ్లొద్దు.

5. నడుస్తూ తినేవి: మన దగ్గరే దొరుకుతాయి

ట్రెక్‌లో ఎక్కువ బలం వచ్చేది మధ్యాహ్న భోజనం వల్ల కాదు. గంటకోసారి జేబులోంచి తీసి నములుకునే నాలుగు ముక్కల వల్ల. ఆకలయ్యేదాకా ఆగితే కాళ్లు పీకడం మొదలవుతుంది, అప్పుడు తిన్నా కోలుకోడానికి చాలా సేపు పడుతుంది.

ఈ పనికి విదేశీ బార్లు అక్కర్లేదు. మోరి జీడిపప్పు, అంబాజీపేట ఎండుకొబ్బరి, పల్లీ పట్టి, నువ్వులుండలు మన డెల్టా వాళ్లకి చేతికందే దూరంలో ఉన్నాయి. ఎండుకొబ్బరిని ఇంట్లోనే సన్నటి చీలికలుగా కోసి, చిన్న బెల్లం ముక్కతో కలిపి పొట్లం కట్టుకోండి. కేలరీలు పుష్కలం, ఎండకి కరగదు, రోజులు గడిచినా చెడదు. నమలడానికి సమయం పడుతుంది కాబట్టి తొందరపడి ఎక్కువ తినేయరు.

పల్లీ పట్టీలు ఒక్కోటి విడిగా కాగితం చుట్టినవి కొనండి. పెద్ద పలకగా ఉన్నది ఒకసారి తెరిస్తే బెల్లం తేమ పీల్చి చేతికి జిగురుగా అంటుతుంది. సున్నుండలు నెయ్యి, మినప్పిండి, బెల్లంతో నిండైన తిండి. కానీ సంచి అడుగున పడితే చిదికి పిండైపోతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి.

మామిడి తాండ్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లు తగ్గించిన పండు అది. ఎక్కేటప్పుడు నోరు ఎండి పల్లీలు మింగుడుపడనప్పుడు చిన్న తాండ్ర ముక్క చప్పరిస్తే లాలాజలం ఊరుతుంది, తీపి తొందరగా ఒంటికి పడుతుంది. కేలరీలు పల్లీల కన్నా తక్కువే అయినా సంచిలో నాలుగు ముక్కలుండాలి. తాటి తాండ్ర దొరికితే అదీ మంచిదే.

మనం ఎంత ఇష్టపడ్డా కొండకి పనికిరానివీ ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకులు సంచిలో పొడవుతాయి, తేమకి మెత్తబడతాయి. తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా పాకం కారి సంచి అంతా జిగురు, చీమలు పట్టేస్తాయి. వీటిని రైలు ప్రయాణంలోనో, క్యాంపుకి చేరే ముందు జీపులోనో తినేయండి. చాక్లెట్ చలికాలం హిమాలయాలకి సరే, మన కొండలకి కరిగి ముద్దవుతుంది. ఎండు చేపలు, ఎండు రొయ్యలు వద్దే వద్దు. వాటి వాసనకి జంతువులు వస్తాయి, ఉప్పుకి దాహం పెరుగుతుంది.

తీపి మాత్రమే పట్టుకెళ్తే రెండో పూటకే విసుగొస్తుంది. చిన్న ప్యాకెట్ జంతికలో, చేగోడీలో ఉంటే నోరు బాగుపడుతుంది, చెమటలో పోయిన ఉప్పు కొంత తిరిగొస్తుంది.

6. అటుకులు: పొయ్యి లేని భోజనం

ట్రెక్కింగ్ కోసమని ఖరీదైన ఫ్రీజ్ డ్రైడ్ భోజనాలు, అంటే వండి గడ్డకట్టించి నీరంతా తీసేసినవి, అమ్ముతారు. మంచివే. కానీ అన్నం తినే మనకి అదే పని చేసే తిండి ప్రతి కిరాణా కొట్లోనూ ఉంది. అటుకులంటే నానబెట్టి, వేడి తగిలించి, అణగగొట్టి ఆరబెట్టిన ధాన్యం. అప్పటికే ఉడికిందే. అందుకే మంట లేకుండా చన్నీళ్లకే మెత్తబడుతుంది.

కొనేటప్పుడు కాగితం అటుకులు తీసుకోవద్దు. నీళ్లు తగలగానే జావైపోతాయి. దళసరి అటుకులే కావాలి. ఒక మనిషికి వంద గ్రాములు జిప్ కవర్‌లో పోసి, అందులోనే వేయించిన పల్లీలు 30 గ్రాములు, రెండు చెంచాల పులిహోర పొడి కలిపి ఇంట్లోనే సిద్ధం చేసుకోండి. కొట్లో దొరికే పులిహోర పేస్ట్ కన్నా పొడి మేలు. పేస్ట్ నూనె కారుతుంది.

దారిలో కవర్ తెరిచి సుమారు ముప్పావు గ్లాసు నీళ్లు పోసి, మూతి బిగించి, చేత్తో బయటినుంచి ఒకసారి మెల్లగా పిసికి పక్కన పెట్టండి. పది నిమిషాలకి తీసి ఒక అటుకు నలిపి చూడండి. మధ్యలో తెల్లటి గట్టి గీత ఉంటే ఇంకో అయిదు నిమిషాలు. చలి ఉన్న పొద్దున్న చన్నీళ్లకి ఇంకాస్త పడుతుంది. నీళ్లు అడుగున నిలిచాయంటే ఎక్కువ పోశారన్నమాట. కొంచెం కొంచెంగా పోయడమే పద్ధతి. చింతపండు పులుపు, పల్లీల కరకర, కడుపు నిండిన తృప్తి, 520 కేలరీల దాకా బలం. గిన్నె కడిగే పని లేదు.

తీపి కావాలంటే అటుకుల్లో పాలపొడి, బెల్లం పొడి, కొబ్బరి తురుము కలుపుకోండి. పద్ధతి అదే.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. చన్నీళ్లతో నానబెట్టేటప్పుడు ఆ నీళ్లు ఇంటి నుంచి తెచ్చినవో, మరిగించి చల్లార్చినవో, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగినవో అయ్యుండాలి. వాగు నీళ్లు కళ్లకి ఎంత తేటగా కనిపించినా నేరుగా పోయకూడదు.

7. రాత్రి వేడిగా ఏం తినాలి

నూడుల్స్ అందరూ పట్టుకెళ్తారు, తప్పేం లేదు. 70 గ్రాముల ప్యాకెట్‌కి సుమారు 300 కేలరీలు. ప్రొటీన్ తక్కువ, ఉప్పు ఎక్కువ. అందుకే ఉడికేటప్పుడు గుప్పెడు మీల్ మేకర్ వేయండి. అందులో సగం బరువు ప్రొటీనే, ఆరబెట్టిందే కాబట్టి తేలిక. కప్పు నూడుల్స్ మాత్రం వద్దు, చోటు ఎక్కువ, చెత్త ఎక్కువ.

ఉప్మా ప్యాకెట్‌లో ఒక చెంచా నెయ్యి వేస్తే 130 కేలరీల దాకా కలుస్తాయి, రుచీ మారిపోతుంది. చిన్న నెయ్యి ప్యాకెట్ ఒకటి, కందిపొడి ఒక పొట్లం పెట్టుకుంటే ఏ పౌచ్ అన్నమైనా మన అన్నంలా దిగుతుంది. ఆవకాయ సీసా బరువు, నూనె కారుతుందన్న టెన్షన్ వేరే. చిన్న సాచెట్‌లు దొరికితే సరే. పెరుగు లేకుండా భోజనం ముగియదనుకునేవాళ్లు మొదటి రోజుకి ఒక టెట్రా ప్యాక్ మజ్జిగ పట్టుకెళ్లండి. రెండో రోజుకి వదులుకోక తప్పదు.

బియ్యం, కందిపప్పు విడిగా మోసుకెళ్లి వండాలనుకునేవాళ్లకి ఒక మాట. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది. మారేడుమిల్లిలో తేడా తెలియదు. 3,500 మీటర్ల దగ్గర నీళ్లు 88 డిగ్రీలకే తెర్లుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు విడవదు, గ్యాసంతా అయిపోతుంది. అక్కడ ముందే ఉడికించి ఆరబెట్టిన ప్యాకెట్లే దిక్కు.

గ్యాస్ డబ్బాలు విమానంలో, రైల్లో తీసుకెళ్లనివ్వరు. చేరిన ఊళ్లోనే కొనుక్కోవాలి. అడవిలో కట్టెల మంట అనుమతి ఉన్న క్యాంపు స్థలంలో తప్ప పెట్టొద్దు. ఆకు రాలే కాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు.

8. డెల్టా గాలి నుంచి కాపాడుకోవడం

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. పొద్దున తెరిచిన జంతికల ప్యాకెట్ సాయంత్రానికి మెత్తబడుతుందని అందరికీ తెలుసు. ఇంట్లో విప్పి వేరే కవర్లలో సర్దేటప్పుడు ఆ తేమంతా లోపలికి పంపి మూసేస్తాం. కొండ మీద తెరిచేసరికి అటుకులు సాగుతాయి, పాలపొడి గడ్డకడుతుంది.

సర్దే పని ముసురు పట్టిన రోజున పెట్టుకోవద్దు. ఎండ కాసిన మధ్యాహ్నం చేయండి. అటుకులు, పల్లీలు మూకుడులో సన్న సెగ మీద కాసేపు వేయించి, పూర్తిగా చల్లారాక జిప్ కవర్‌లో పోసి, చేత్తో అదిమి గాలి తీసి మూయండి. వేడి మీద మూస్తే లోపల ఆవిరి నీరవుతుంది. పెద్ద కవర్ ఒకటి కాకుండా పూటకొకటి చిన్న కవర్లు కట్టండి. ఒకటి తెరిచినా మిగతావి భద్రం. అట్ట పెట్టెలు తీసి పడేసి, వాటి మీద వండే విధానం, తేదీ ఉన్న ముక్క కత్తిరించి కవర్‌లోనే వేయండి.

రిటార్ట్ పౌచ్‌లని, పాలపొడి సాచెట్‌లని, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లని మాత్రం విప్పొద్దు. వాటి సీలే వాటి రక్ష.

9. చెమట, ఉప్పు, ఓఆర్‌ఎస్

మనకి చెమట ఎక్కువ. కొండెక్కేటప్పుడు నీళ్లొక్కటే తాగుతూ పోతే తల తిరగడం, పిక్కలు పట్టేయడం వస్తాయి. మనిషికి రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చొప్పున పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైంది అని రాసున్నదే, మందుల షాపులోనే కొనండి. 20.5 గ్రాముల ప్యాకెట్ ఒక లీటరుకి. అరలీటరు సీసాలో మొత్తం పోయకూడదు.

రంగురంగుల టెట్రా ప్యాకుల్లో వచ్చే తీపి పానీయాలు వేరు. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్ముతున్న అలాంటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పాత సరుకు కనిపించినా మోసపోవద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగి, షుగర్ పడిపోతే వెంటనే వేసుకోడానికి గ్లూకోజ్ పొడి జేబులోనే ఉంచుకోవాలి, సంచి అడుగున కాదు.

10. ఒక రోజు లెక్క కాగితం మీద

వాగు ఉన్న దారిలో, ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా ఒక మనిషికి నేను సర్దేది ఇది:

- పల్లీలు కలిపిన పులిహోర అటుకులు: 130 గ్రాములు, సుమారు 520 కేలరీలు
- నడుస్తూ తినడానికి పల్లీ పట్టి 60, ఎండుకొబ్బరి 30, మామిడి తాండ్ర 50 గ్రాములు: సుమారు 660
- రాత్రికి రెండు నూడుల్స్ ప్యాకెట్లు, 20 గ్రాముల మీల్ మేకర్: 160 గ్రాములు, సుమారు 670
- పొద్దున ఉప్మా 80, నెయ్యి 15, పాలపొడి 30 గ్రాములు: సుమారు 610
- జంతికలు 50 గ్రాములు: సుమారు 250

మొత్తం 605 గ్రాములు, 2,700 కేలరీల పైచిలుకు. వీటితో పాటు మనిషికి ఒక పౌచ్ అదనం. దారి తప్పినా, వాన పట్టి మంట వెలగకపోయినా అది చల్లగా తినొచ్చు. వంటకి ఒక లీటరు పైన, తాగడానికి మూడు నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. బయల్దేరిన పొద్దున తినడానికి ఇంటి పులిహోర పొట్లం వేరు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు, ఆ పొట్లం రంపచోడవరం దగ్గరే అయిపోతుంది.

కొత్త ప్యాకెట్ ఏది కొన్నా కొండ మీద మొదటిసారి తెరవొద్దు. వారం ముందు ఒక ఆదివారం ఇంట్లో అదే చిన్న గిన్నెలో, కొలిచిన నీళ్లతో వండి తినండి. ప్యాకెట్ మీద మూడు నిమిషాలు అని రాసున్నది మీ స్టవ్ మీద ఎంత పట్టిందో, కడుపు ఎలా ఉందో చూసుకోండి. పిల్లలు వస్తుంటే వాళ్ల చేత తినిపించి చూడటం మరీ ముఖ్యం. అలసిన పిల్లలు ఇంట్లో ఇష్టపడనిది అడవిలో ముట్టరు.

11. సంచి, కోతులు, చెత్త

నడుస్తూ తినేవి నడుముకి కట్టిన చిన్న సంచిలో లేదా పై జేబులో. మధ్యాహ్నం తిండి సంచి పైభాగంలో, రాత్రిది అడుగున. గ్యాస్, స్టవ్ తిండికి తగలకుండా వేరే కవర్‌లో. ఘాట్ రోడ్డులో, క్యాంపు దగ్గర కోతులుంటాయి. కవర్ చప్పుడు వాటికి బాగా అలవాటు. వాటి ముందు ప్యాకెట్ తీయొద్దు, పెట్టొద్దు. రాత్రి తిండిని గుడారంలో తలగడ పక్కన కాకుండా మూత గట్టి డబ్బాలో పెట్టండి.

ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. స్టీలు గ్లాసు, చెంచా, పళ్లెం చాలు.

ఖాళీ కవర్లని మంటలో వేయకండి. పౌచ్, చిప్స్, నూడుల్స్ కవర్లలో ప్లాస్టిక్‌తో పాటు అల్యూమినియం పొర ఉంటుంది. అది కాలి బూడిద కాదు, పొగ మాత్రం విషం. బయల్దేరే ముందు ప్యాకెట్లు లెక్కపెట్టి ఒకరు ఫోన్‌లో రాసుకోండి. దిగేటప్పుడు ఖాళీ కవర్లు అన్నే ఉన్నాయా చూడండి. జిడ్డు కవర్లని చుట్టి ఒక గట్టి జిప్ కవర్‌లో వేస్తే వాసన రాదు, చీమలు పట్టవు. అడవి దగ్గర ఊళ్లలో చెత్త తీసుకెళ్లే ఏర్పాటు మన పట్నాల్లో ఉన్నట్టు ఉండదు. అక్కడి డబ్బాల్లో పోయకుండా రాజమండ్రి దాకా తెచ్చి పొడి చెత్తలో వేయండి.

దిగొచ్చాక మారేడుమిల్లిలో బొంగు చికెన్ తినే పని ఎలాగూ ఉంటుంది. అది కాలేలోపు సంచి విప్పి ఏవి మిగిలాయో రాసి పెట్టుకోండి. మళ్లీ వెళ్లేటప్పుడు అవి సగం చాలు. అందరూ ముందే ఖాళీ చేసినవి రెండింతలు కట్టుకోవాలి. తెరవని పౌచ్‌లు గడువు చూసి దాచుకోవచ్చు. తెరిచిన అటుకులు, పల్లీలు ఆ వారంలోనే ఇంట్లో వాడేయండి.